పెద్దమ్మా ఖాలా చూసిన రెండో భాగం

పోయిన నెల ఒక ఆదివారం మనవరాలు నన్ను పంజాగుట్టలోని మల్టీప్లెక్సుకు లాక్కెళ్ళింది. మోకాళ్ళ నొప్పులంటే వినలేదు. మెట్రో దిగితే లిఫ్టు, లిఫ్టు దిగితే సీటు అని హామీ ఇచ్చింది. సినిమా ఇద్దరు పోలీసుల గురించి. పేరు పక్కన రెండు అంకె వేసి ఉంది. ఒకడు కండలవాడు, ఇంకొకడు నోటివాడు, ఇద్దరూ కలిసి ఊళ్ళో కార్లన్నీ పగలగొడుతున్నారు. ఒకచోట నోటివాడు దువ్వెన కోసం జేబులో చెయ్యి పెట్టాడు. దువ్వెన ఇంకా బయటికి రానేలేదు, హాల్లో కుర్రకారంతా గొల్లున నవ్వారు. "ఇప్పుడేమయిందని నవ్వుతున్నారే?" అని అడిగితే మా పిల్ల తెర మీంచి చూపు తిప్పకుండానే, "అమ్మమ్మా, నువ్వు ఫస్ట్ పార్ట్ చూళ్ళేదు కదా, నీకు అర్థం కాదులే" అంది. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ దువ్వెన సంగతి నాకు తెలియదు గానీ, జోకు రాకముందే నవ్వే జనం సంగతి మాత్రం బాగా తెలుసు. ఎనభైల్లో ఇదే రోడ్డు మీద, ఇప్పుడు లేని ఒక సినిమాహాల్లో, వాళ్ళ మధ్యే కూర్చున్నాను. నా పక్కన మా పెద్దమ్మ, ఆమె పక్కన ఖాలా.

అప్పట్లో నేను డిగ్రీ పూర్తి చేసి, బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ, టైపు నేర్చుకోవడానికి అమీర్‌పేటలో పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఇప్పుడు అమీర్‌పేట అంటే కంప్యూటర్ కోర్సుల బోర్డులే గుర్తొస్తాయి. ఒక బోర్డు మీద ఇంకో బోర్డు, వాటి వెనక కిటికీ ఉందో లేదో తెలియదు. అప్పుడు మా సందులో మధ్యాహ్నం పూట పావురాల రెక్కల చప్పుడు కూడా వినపడేది. పెద్దమ్మ ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. గుంటూరు వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆమె మాటలో ఒక్క అక్షరం మారలేదు. "ఏంటే" అని మొదలుపెట్టి "తెలిసిందా" అని ముగించేది. పెదనాన్న ప్రభుత్వాఫీసులో పనిచేసేవాడు. మనిషి నెమ్మది. వాళ్ళకు పిల్లలు లేరు. పెదనాన్నకు ఒకటే పిచ్చి, తాళం. ఇంటికి తాళం వేసి లాగి చూసేవాడు. సందు చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసేవాడు. బస్సెక్కాక కూడా ఆయన కుడిచెయ్యి గాల్లో ఏదో లాగుతున్నట్టు కదిలేదని పెద్దమ్మ విసుక్కునేది.

ఎదురింటావిడను నేను ఖాలా అని పిలిచేదాన్ని. ఖాలా అంటే అమ్మకు తోబుట్టువు. అంటే సందుకు ఈవైపున ఒక పెద్దమ్మ, ఆవైపున ఇంకో పెద్దమ్మ, భాష ఒక్కటే తేడా. ఆవిడ భర్తకు అమీర్‌పేట చౌరస్తా దగ్గర బట్టల దుకాణం ఉండేది. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. పొడుగ్గా, బలంగా, నవ్వితే పైకప్పు లేచిపోయేలా ఉండేది. తెలుగు, దక్కనీ ఉర్దూ ఒకే గిన్నెలో కలిపి మాట్లాడేది. ఆవిడ కూతురు పెద్దమ్మ దగ్గర లెక్కలు నేర్చుకుంది కాబట్టి పెద్దమ్మను "టీచరమ్మా" అనేది. పెద్దమ్మ ఆవిడను "బేగంగారూ" అనేది. సందులో అందరూ ఆ పిలుపు విని నవ్వుకునేవాళ్ళు. అన్నేళ్ళ స్నేహంలో వీళ్ళిద్దరూ ఆ పిలుపులు మార్చుకోలేదు.

ఖాలా తమ్ముడు జెద్దా నుంచి వీసీఆర్ తెచ్చాడు. అది ఆ సందుకంతటికీ మొదటి వీసీఆర్. ఆదివారం మధ్యాహ్నాలు ఖాలా ఇంట్లో చాపలు పరిచేవాళ్ళు. హిందీ సినిమాలయ్యాయి, తెలుగు సినిమాలయ్యాయి, ఒకరోజు వీడియో లైబ్రరీవాడు అట్ట మార్చి ఒక ఇంగ్లీషు సినిమా క్యాసెట్ ఇచ్చాడు. వెనక్కి పంపే ఓపిక లేక పెట్టేశారు. అందులో ఇద్దరు పోలీసులు. ఒకడు పొట్టి, బట్టతల, అన్నీ రూలు ప్రకారం చేస్తాడు, కుక్కలంటే హడలు. రెండోవాడు పొడుగు, రూలంటే పడదు, చక్రాలున్నది ఏదైనా తోలేస్తాడు. వీళ్ళిద్దరినీ ఒకే కారులో కూర్చోబెడతారు. మొదట ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పోను పోను ఒకరు లేకపోతే ఇంకొకరికి కాఫీ కూడా దిగదు. పొట్టాయన కారు దిగిన ప్రతిసారీ తలుపుకు తాళం వేసి, లాగి చూస్తాడు. వెనక బాంబులు పేలుతున్నా సరే. చివరికి కారుకు అద్దాలూ పోయి, పైకప్పూ పోయి, తలుపులు మాత్రమే మిగిలినా, దిగి తాళం వేసి లాగి చూస్తాడు. పొడుగాయన ఆకాశం వైపు చూసి నిట్టూరుస్తాడు. ఆ సీను వచ్చినప్పుడు పెద్దమ్మ గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో పెదనాన్న పేపరు అడ్డం పెట్టుకుని, పేపరు పైనుంచి సినిమా చూస్తున్నాడు. "మీ కవలని చూశారా అందులో?" అంది పెద్దమ్మ. "ఎవరు?" అన్నాడాయన అమాయకంగా. చాపల మీద కూర్చున్నవాళ్ళందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ క్యాసెట్ నెలల తరబడి వెనక్కి వెళ్ళలేదు. ఖాలాకు ఇంగ్లీషు రాదు. పెద్దమ్మకు వచ్చు గానీ ఆ అమెరికా యాస ఆమె చెవికి ఎక్కేది కాదు. "వీళ్ళు మాట్లాడేది ఇంగ్లీషు కాదే, నోట్లో వేరుశనక్కాయలు పెట్టుకుని ఇంగ్లీషు" అనేది. అందుకని ఇద్దరూ ఎవరి డైలాగులు వాళ్ళే తయారుచేసుకున్నారు. పొట్టాయన ఫోనులో అరుస్తుంటే అది పై అధికారితో గొడవ అని పెద్దమ్మ, ఇంటి ఓనరుతో గొడవ అని ఖాలా. రెండు కథలూ చివరిదాకా సాగేవి, రెండూ అతికేవి. ఇంకో విచిత్రం ఏమిటంటే, పెద్దమ్మ తనను తాను పొడుగాయనతో పోల్చుకునేది. రోడ్డు దాటడానికి అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ అటు చూసే మనిషి, "నాది కూడా ఆ తెగింపే" అనేది. వీధి తలుపు తీసిపెట్టి బజారుకు వెళ్ళిపోయే ఖాలా, "నేను గా పొట్టోని తీరు. జిమ్మేదారి మనిషిని" అనేది, అంటే బాధ్యత గలదాన్నని. వాళ్ళిద్దరూ ఆ మాటలు నవ్వకుండా అనేవాళ్ళు, నవ్వే ధైర్యం మాకూ ఉండేది కాదు.

రెండో భాగం తీస్తున్నారని ఖాలా తమ్ముడే జెద్దా నుంచి ఫోనులో చెప్పాడు. పెద్దమ్మ ముందు ఒప్పుకోలేదు. "కథ అయిపోయింది కదా బేగంగారూ. దొంగలు దొరికారు, వీళ్ళకి స్నేహం కుదిరింది. ఇంకేం తీస్తారు?" అంది. ఖాలా జాకెట్టుకు హుక్కులు కుడుతూ, "కథ ఎవనికి కావాలె టీచరమ్మా? మా చెల్లె యేడాదికోసారి వస్తది. కొత్త ముచ్చట్లేం తెస్తది? గవే పాత ముచ్చట్లు. గని ఆమె వస్తుందంటే నాకు వారం ముందల్నుంచి నిద్ర పట్టదు" అంది. పెద్దమ్మ లెక్క కుదిరినప్పుడు ఆడించినట్టు తల ఆడించింది. ఆ రోజే మాట ఇచ్చిపుచ్చుకున్నారు. రెండోది చిన్న టీవీలో చూడకూడదు, హాల్లో, పెద్ద తెర మీద, ఇద్దరూ కలిసి చూడాలి. పెదనాన్న పేపరు వెనక నుంచి, "టిక్కెట్లు నేను తెస్తాలే" అన్నాడు.

ఆ చలికాలంలోనే పెదనాన్న పోయాడు. ఆఫీసులో గుండెలో నొప్పి అన్నాడు, ఆస్పత్రిలో రెండు రోజులున్నాడు. అంతే. పెద్దమ్మ ఏడవలేదు. అదే మమ్మల్ని భయపెట్టింది. బడికి సెలవు పెట్టి, ముందు గదిలో కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తూ ఉండిపోయేది. నేను వండిపెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. సాయంత్రాలు ఖాలా వచ్చి పక్కన కూర్చుని, మాట్లాడకుండా జాకెట్లు కుట్టుకుని వెళ్ళేది. పెదనాన్న తమ్ముడు, మా బాబాయి, ఊరి నుంచి రెండుసార్లు వచ్చాడు. మంచివాడే, వదినగారంటే ప్రాణం. "ఆడమనిషి ఈ మహానగరంలో ఒక్కతే ఎలా ఉంటుంది? ఉద్యోగం మానేయండి వదినా, ఊరొచ్చేయండి. మీ గది మీకుంటుంది, మీ పూజ మీకుంటుంది" అన్నాడు. పెద్దమ్మ సరేననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్ని బాబాయి ఒప్పుకోలు కిందే లెక్కేసుకున్నాడు. ఆషాఢంలో ఏదో ఒక ఆదివారం వచ్చి తీసుకెళ్తానని కబురు పెట్టాడు. నేను హాస్టలు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

సరిగ్గా అప్పుడే రెండో భాగం వచ్చింది. టైపు ఇన్‌స్టిట్యూట్ గోడ మీద పోస్టరు నేనూ చూశాను గానీ ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. ఖాలాకు ఆ మొహమాటం లేదు. తడిసిన బుర్ఖా గుమ్మంలో దులుపుకుంటూ లోపలికొచ్చి, "టీచరమ్మా, మన పొట్టోడు మళ్ల వచ్చిండు. జర లావైండు గని గదే మొఖం. పంజాగుట్టల మార్నింగ్ షో" అంది.

"నాకిప్పుడు సినిమాలేంటి బేగంగారూ?" అంది పెద్దమ్మ, గోడ మీంచి చూపు తిప్పకుండా.

"రెండోది వస్తే హాల్ల చూద్దామని నాతోని అన్నవా లేదా?"

"అన్నాను. అప్పుడు ఆయనున్నారు."

ఖాలా కుర్చీ లాక్కుని, పెద్దమ్మకూ కిటికీకీ మధ్య అడ్డంగా కూర్చుంది. "భాయ్‌సాబ్ ఉంటే ఆయన సుత వచ్చేటోడు. పేపర్ అడ్డం పెట్టుకొని చూసేటోడు. ఇప్పుడు ఆయన వంతు సుత మనమే చూడాలె. గంతే."

పెద్దమ్మ నా వైపు తిరిగి, "నా నీలం చీర ఇస్త్రీ చేసి ఉందా?" అంది. ఆర్నెల్లుగా ఆ నోట్లోంచి ఏ వస్తువు గురించీ ప్రశ్న రాలేదు. నేను సమాధానం చెప్పకుండానే పెట్టె దగ్గరికి పరిగెత్తాను.

ఆ ఆదివారం బోనాలు. బల్కంపేట ఎల్లమ్మ దగ్గరికి వెళ్ళే జనంతో అమీర్‌పేట రోడ్డు నిండిపోయింది. తలల మీద బోనాలు, వేపాకులు, పసుపు నీళ్ళు, సన్నగా తుంపర. డప్పుల మోతకు మా ఆటో అద్దం కూడా తాళం వేస్తోంది. చౌరస్తా దాటేసరికి ఒక పోతరాజు కొరడా ఝళిపిస్తూ రోడ్డుకు అడ్డంగా ఆడటం మొదలుపెట్టాడు, బండ్లన్నీ ఆగిపోయాయి. ఖాలా దారి ఇమ్మని కేకలేస్తోంది. పెద్దమ్మ బోనాలు మోస్తున్న ఆడవాళ్ళను చూసి చేతులు జోడించింది. అప్పుడు చూశాను నేను. ఎదురుగా, పంజాగుట్ట వైపు నుంచి వస్తూ ఆగిపోయిన ఇంకో ఆటోలో, ఒళ్ళో గోనెసంచీతో, ఆ సంచీలోంచి పొడుచుకొచ్చిన మునక్కాయలతో, రాత్రంతా రైల్లో నిద్రలేని కళ్ళతో మా బాబాయి. ఆయనా అప్పుడే మమ్మల్ని చూశాడు. నీలం చీరలో వదినగారు, పక్కన బుర్ఖాలో ఎదురింటావిడ. నోరు తెరిచి, "వదినా!" అన్నాడు. డప్పుల్లో ఆ మాట వినపడలేదు, పెదాల కదలిక కనపడింది.

"పెద్దమ్మా, బాబాయి" అన్నాను.

పెద్దమ్మ చూసింది. ఆవిడ ఆటో దిగి బాబాయి దగ్గరికి వెళ్ళి, ఇంటికి పదమంటుందని నేననుకున్నాను. ఆటో దిగిన మాట నిజమే. దిగి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, పంజాగుట్ట వైపు నడక మొదలుపెట్టింది. ఖాలా ఆటోవాడి చేతిలో డబ్బులు పెట్టి ఆమెను అందుకుంది. "ఎనకకు చూడకు, నడువ్" అంది. బాబాయి కూడా ఆటో దిగాడు. సంచీ భుజాన వేసుకుని జనంలోంచి మా వెనకే వస్తున్నాడు. మునక్కాయలు జనాన్ని పొడుస్తుంటే వాళ్ళు తిడుతున్నారు, ఆయన అందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ వస్తున్నాడు. ఖాలా మమ్మల్ని ఒక సందులోకి తిప్పింది, సందులోంచి ఎవరిదో పెరట్లోకి తీసుకెళ్ళింది. ఆ పెరట్లో బట్టలుతుకుతున్నావిడ ఆశ్చర్యపోయి పక్కకు జరిగితే, "ఏం లేదమ్మా, సినిమాకు పోతున్నం" అని చెప్పి, ఆ వైపు గేటులోంచి మళ్ళీ పెద్ద రోడ్డు మీదికి తేల్చింది. పెద్దమ్మకు ఆయాసం వస్తోంది, మొహం ఎర్రబడింది. "బేగంగారూ, మనమేమైనా దొంగతనం చేశామా? ఎందుకిలా పరిగెత్తుతున్నాం?" అంది. "దొంగతనం లేదు ఏం లేదు. టైటిల్స్ పోతయని ఉరుకుతున్నం" అంది ఖాలా. ఆ మాటకు పెద్దమ్మ మూతి బిగించుకుంది. నవ్వు ఆపుకుంటోందని నాకు అర్థమైంది గానీ, చూసినట్టు కనపడితే ఎక్కడ మానేస్తుందోనని ముందుకు చూసి నడిచాను.

హాల్లోకి వెళ్ళేసరికి లైట్లు ఆర్పేశారు. జనమంతా కాలేజీ కుర్రాళ్ళు. ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు రావడం చూసి మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. తెర మీద పొట్టాయన మొహం పడగానే లేచిన ఈలలు వింటే ఎన్నికల్లో గెలిచిన నాయకుడికి కూడా అసూయ పుట్టేది. కొత్తగా ఏమీ చెయ్యలేదు ఆయన, కారు దిగాడు. అంతే, హాలంతా ఊపిరి బిగబట్టింది. తాళం వేశాడు. ఇంకా బిగబట్టింది. లాగి చూశాడు. సీట్లు అదిరిపోయాయి. వీసీఆర్ ముందు చాపల మీద నవ్వింది మేం పదిమందిమే. ఇక్కడ కొన్ని వందలమంది, ఎవరి సందులో వాళ్ళు, ఎవరి చాప మీద వాళ్ళు, అదే చోట నవ్వి వచ్చారని అప్పుడు తెలిసింది. మా ముందు వరసలో కుర్రాడు వెనక్కి తిరిగి, ఖాలా నవ్వు చూసి, "ఆంటీ, ఫస్ట్ పార్ట్ సుత చూసినవా?" అన్నాడు. "నీకంటే ఎక్కువసార్లు చూసిన బేటా, ముందలికి తిరుగు" అంది ఖాలా. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని, తెర మీద ఆ చెయ్యి తలుపు లాగడాన్ని కళ్ళార్పకుండా చూసింది.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలగగానే బాబాయి కనపడ్డాడు. బట్టలుతికే ఆవిడను అడిగి హాలు దాకా వచ్చి, గేటు దగ్గరతను టిక్కెట్టు లేనిదే కదలనివ్వకపోతే, మిగిలిన నేల టిక్కెట్టు కొనుక్కుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, తెర ముందే మెడ పైకెత్తి కూర్చున్నాడట. ఇప్పుడు నడవలో నిలబడి వరస వరసా వెతుకుతున్నాడు. పెద్దమ్మ దాక్కోలేదు. లేచి నిలబడి చెయ్యి ఊపింది.

బాబాయి వచ్చాడు. "ఏంటి వదినా ఇది?" అన్నాడు గొంతు తగ్గించి. "అన్నయ్య పోయి ఏడాదన్నా తిరగలేదు. ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారు? అసలు నన్ను చూసి కూడా ఆగలేదేంటి?"

"కూర్చోవయ్యా. బెల్లు కొడతారు" అంది పెద్దమ్మ.

నా పక్క సీటులో కుర్రాడు సిగరెట్టుకు వెళ్ళాడు. బాబాయి అందులో అంచున కూర్చున్నాడు. ఖాలా కాగితం పొట్లంలోంచి సమోసా తీసి, "తిను తమ్మీ. మస్తు దూరం ఉరికినవు" అంది. వద్దన్నాడు. పట్టుకోమంది. పట్టుకున్నాడు. పట్టుకున్నాక కొరికాడు. నములుతూ, కోపం ఎక్కడ ఆపాడో మరిచిపోయినవాడిలా, "అసలు ఆ పొట్టివాడు తలుపు లాగితే జనం అంత గోల ఎందుకు చేస్తున్నారు? నా పక్కవాడిని అడిగితే మొదటి భాగం చూడందే అర్థం కాదన్నాడు" అన్నాడు.

పెద్దమ్మ చెప్పింది. ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ఆమె టీచరు గొంతు విన్నాను. కారు ఎలా పోయిందో, అద్దాలెలా పోయాయో, పైకప్పు ఎలా ఎగిరిందో, చివరికి తలుపులే మిగిలినా ఆయన ఎలా దిగి తాళం వేశాడో, బోర్డు మీద వేసినట్టు గాల్లో వేలితో గీసి చెప్పింది. మధ్యమధ్య ఖాలా సవరించింది. "తెలిసిందా?" అంది పెద్దమ్మ చివర్లో. బాబాయి తల ఊపాడు. సీటు కుర్రాడు తిరిగొచ్చి, పరిస్థితి చూసి, ఇంకెక్కడో కూర్చున్నాడు.

రెండో సగంలో నవ్వులు తగ్గాయి. దొంగలు పొట్టాయనను రేవు దగ్గర గోడౌనులో చిక్కించుకున్నారు. పొడుగాయన కారును గోడలోంచి దూకించి లోపలికొచ్చాడు గానీ, అప్పటికే పొట్టాయనకు తూటా తగిలింది. నేల మీద పడి ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బయట వాన. పొడుగాయన ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని ఏదో అన్నాడు. ఆ మాటలు హాల్లో ఎవరికీ అర్థం కాలేదు, అర్థం కావాల్సిన అవసరమూ లేకపోయింది. అంబులెన్సు వచ్చింది. పొట్టాయనను ఎక్కిస్తున్నారు. పొడుగాయన అటు వెళ్ళబోయి, ఆగి, వెనక్కి తిరిగాడు. నుజ్జునుజ్జైన కారు దగ్గరికి నడిచాడు. ఆ తాళం చూసి రెండు సినిమాల పొడుగునా ఆకాశం వైపు నిట్టూర్చినవాడు, వంగి, వేలాడుతున్న తలుపును జాగ్రత్తగా ఎత్తి మూసి, తాళం వేశాడు. లాగి చూశాడు.

అంతమంది కుర్రాళ్ళలో ఒక్కడు కూడా ఈల వెయ్యలేదు. అప్పుడు అంబులెన్సులోంచి పొట్టాయన ఒక కన్ను తెరిచి, నీరసంగా ఒక ముక్క అడిగాడు. పొడుగాయన ఒక ముక్క సమాధానం చెప్పాడు. "లాక్ చేశావా?" "లాగి కూడా చూశాను." అది మాత్రం పెద్దమ్మకు అర్థమైంది, ఖాలాకు అర్థమైంది, హాలంతటికీ అర్థమైంది. లేచిన గోలలో పెద్దమ్మ నవ్వింది. పైకి నవ్వింది, భుజాలు కదిలేలా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏది ఏదో తెలియకుండా రెండూ చేసింది. ఖాలా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను బాబాయి వైపు చూశాను. ఆయన తెర వైపే చూస్తున్నాడు.

"అన్నయ్య కూడా ఇంతే కదా వదినా" అన్నాడు. "నా పెళ్ళికి బయల్దేరి, బస్టాండు దాకా వచ్చి, మళ్ళీ ఇంటికెళ్ళి తాళం లాగి చూసొచ్చాడు. ముహూర్తం దాటిపోతుందని నాన్న ఎంత తిట్టాడో."

బయటికొచ్చాక నలుగురం ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో ఫ్యామిలీ గదిలో కూర్చున్నాం. చాయ్ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. సంచీ బాబాయి కాళ్ళ దగ్గర ఉంది. పెద్దమ్మ చాయ్ సాసరులో పోసుకుని, ఊదుకుని, తాగి, సాసరు కింద పెట్టింది.

"రేపు బడికి వెళ్తున్నాను" అంది. "పదో తరగతి పిల్లలకి ఇంకా త్రికోణమితి మొదలుపెట్టలేదు. సెలవులకి ఊరొస్తాను. ఉండిపోవడానికి మాత్రం రానయ్యా."

బాబాయి ఆశ్చర్యపోలేదు. కాకపోతే మొహం వాడిపోయింది. "ఆస్పత్రిలో అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, వదినని చూసుకోరా అన్నాడు. మీకది తెలియదు. రేపు మీకేమైనా అయితే ఆయనకి నేనేం సమాధానం చెప్పను?"

పెద్దమ్మ ఆయన వైపు చాలా ప్రేమగా చూసింది. "చూసుకోమన్నారు. తీసుకెళ్ళమనలేదుగా."

ఖాలా తన బిస్కెట్టును ఆయన సాసరులో పెట్టి, "ఫికర్ చెయ్యకు తమ్మీ. గీమె దగ్గితే మా ఇంట్ల వినిపిస్తది. నేను జవాబిస్తే నీ ఊర్ల వినిపిస్తది" అంది. బాబాయి నవ్వాడు. ఆ నవ్వుతో ఆ విషయం తేలిపోయింది. తర్వాత ఆ సంగతి ఆయన ఎత్తలేదు.

సాయంత్రం ఎల్లమ్మను చూసొచ్చి, మునక్కాయల పులుసుతో భోజనం చేసి, బాబాయి ఒక కోరిక కోరాడు. మొదటి భాగం చూడాలన్నాడు. ఖాలా ఇంట్లో చాప పరిచి చూపించారు. చూసి, "రెండోదే బాగుంది" అని తీర్పు చెప్పాడు. ఒకటి చూడకుండా రెండు చూసినవాడి మాట చెల్లదని పెద్దమ్మ, రెండోదాన్ని మెచ్చుకున్నోడు మంచోడేనని ఖాలా, ఇద్దరూ వాదించుకున్నారు. మర్నాడు పొద్దున పెద్దమ్మ సుద్దముక్కల డబ్బా సంచీలో వేసుకుని బడికి వెళ్ళింది. బాబాయి సందు చివరిదాకా దిగబెట్టి, ఆమె బస్సెక్కేదాకా నిలబడి, ఊరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏటా వచ్చేవాడు. పెద్దమ్మ పూర్తి సర్వీసు చేసి రిటైరై, అదే ముందు గదిలో సందులో పిల్లలకు లెక్కలు చెబుతూ ఇరవై ఏళ్ళు బతికింది. ఆ ఇరవై ఏళ్ళూ ఆమె కుర్చీ కిటికీ వైపు కాక గుమ్మం వైపు తిరిగి ఉండేది.

మూడో భాగం కూడా వచ్చింది, చాలా ఏళ్ళ తర్వాత. అప్పటికి నాకు పెళ్ళయి, బ్యాంకులో ఉద్యోగం. వాళ్ళిద్దరినీ నేనే తీసుకెళ్ళాను. సినిమా బాగోలేదు. పొడుగాయన పరిగెత్తలేక ఆయాసపడుతున్నాడు, పొట్టాయనకు విగ్గు పెట్టారు. ఖాలా రెండో సగంలో గురక పెట్టింది. అయినా పొట్టాయన కారు దిగగానే ఆవిడ ఎలా తెలిసిందో ఏమో కళ్ళు తెరిచింది, పెద్దమ్మ ముందుకు వంగింది, ఇద్దరూ ఆయన చెయ్యి కదలకముందే నవ్వేశారు. బయటికొచ్చాక, "చెత్తగా ఉంది కదూ?" అని నేనంటే, "చాలా చెత్తగా ఉంది. నాలుగోది ఎప్పుడు తీస్తారంటావు?" అంది పెద్దమ్మ. మెట్లు దిగేటప్పుడు ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకున్నారు. పట్టుకోవాల్సిన వయసు ఎప్పుడొచ్చిందో నేను గమనించనేలేదు. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య గడిచిన కాలాన్ని రంగులతో, విగ్గులతో తెర మీద దాచేస్తారు, అది కనపడేదల్లా చూడ్డానికి వచ్చినవాళ్ళ మీదే.